గ్రూపు ఎంచుకునే ముందు పని చూసి రండి: ఎనిమిది, తొమ్మిది, పది చదివేవాళ్లకు

పదో తరగతి చివరి పేపరు రాసి ఇంటికొచ్చేసరికే జూనియర్ కాలేజీల పీఆర్ఓలు గుమ్మంలో ఉంటారు. ఎంపీసీనా, బైపీసీనా, సీటు ఇప్పుడే రాయించుకుంటే ఫీజు తగ్గిస్తాం అంటారు. ఇంట్లో అందరికీ టెన్షన్. ఆ వారం పది రోజుల్లో చెప్పే జవాబు మీద ఎన్నో ఏళ్ల చదువు, ఆ తర్వాత బతుకుదెరువు ఆధారపడి ఉంటాయి. కానీ అప్పటికి మన పిల్లల్లో చాలామంది ఒక్క ఇంజనీరు పక్కన ఒక్క పూటైనా నిలబడి ఉండరు. జ్వరమొచ్చినప్పుడు రక్త పరీక్షకు వెళ్లి ఉంటారు గానీ, ఆ ల్యాబ్ టెక్నీషియన్ పొద్దున్నుంచి రాత్రి దాకా ఏం చేస్తారో చూసి ఉండరు.

నేను చెప్పేది ఒక్కటే. ఉద్యోగం పేరు బట్టి నిర్ణయించుకోకండి, అందులో మామూలు రోజు ఎలా గడుస్తుందో కళ్లతో చూసి నిర్ణయించుకోండి. ఖర్చు పెద్దగా ఉండదు, పెద్ద ఊళ్లో ఉండక్కర్లేదు. ఎనిమిది, తొమ్మిది అయ్యాక వచ్చే రెండు వేసవి సెలవులు, దసరా సెలవులు, పది పరీక్షలు అయిపోయాక దొరికే రెండు నెలలు చాలు. పదో తరగతి నడిచే ఏడాదిలో మాత్రం దీన్ని నెత్తికెత్తుకోకండి. అప్పుడు స్పెషల్ క్లాసులకే సమయం సరిపోదు.

ముందు ఒక జాబితా

ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకోండి. మీ ఇంటి నుంచి సైకిల్ మీద వెళ్లగలిగినంత దూరంలో మనుషులు చేస్తున్న పనులన్నీ రాయండి. డాక్టరు, ఇంజనీరు, కలెక్టరు అని మొదలుపెడితే మూడో లైన్‌లోనే ఆగిపోతారు. బజారులో ఒక చివర నుంచి ఇంకో చివరకు నడుస్తూ రాయండి. మొబైల్ రిపేరు షాపు, మెడికల్ షాపు, పశువుల ఆసుపత్రి, సబ్‌స్టేషన్, ఫొటో స్టూడియో, ఫ్లెక్సీ ప్రింటింగ్, బ్యాంకు, వెల్డింగ్ షెడ్డు, డయాగ్నస్టిక్ ల్యాబ్, కోర్టు, రైస్ మిల్లు, సర్వేయర్ కూర్చునే ఆఫీసు. భీమవరం వైపు వాళ్లకు రొయ్యల చెరువులు, నీటి పరీక్షల ల్యాబులు కనిపిస్తాయి. పోచంపల్లిలో, చీరాలలో, మంగళగిరిలో ఉన్నవాళ్లకు మగ్గం, రంగుల అద్దకం, డిజైన్లు గీసేవాళ్లు ఉంటారు. కొండపల్లిలో బొమ్మలు చెక్కేవాళ్లు ఉంటారు.

ఆ జాబితాలోంచి మూడు ఎంచుకోండి. ఒకటి మీకు బాగా ఇష్టమనిపించేది. ఇంకోటి అమ్మానాన్నలు మీరు చేయాలని కోరుకునేది. మూడోది మీకు అసలేమీ తెలియనిది. ఈ మూడోదాన్ని వదిలేయకండి, చాలామందికి ఆశ్చర్యం ఎదురయ్యేది అక్కడే. రెండోదాన్నీ వదిలేయకండి. ఇంట్లోవాళ్లతో రేపు మాట్లాడాల్సి వచ్చినప్పుడు, చూసి వచ్చి చెప్పే మాటకు ఉండే బరువు వేరు.

అడగడం ఎలా

ఇక్కడే ఎక్కువ మంది ఆగిపోతారు. ఏమనుకుంటారో అని బిడియం. నిజానికి తన పని గురించి శ్రద్ధగా అడిగే పిల్లలు ఎదురైతే చాలామంది పెద్దవాళ్లు సంతోషంగా చెబుతారు. వెళ్లే వేళ మాత్రం చూసుకోవాలి. సెల్ షాపుకు సాయంత్రం గిరాకీ వేళ వెళ్లకండి, షాపు తెరిచిన గంటకు వెళ్లండి. పశువుల ఆసుపత్రిలో ఉదయమే రద్దీ, అది తగ్గాక అడగండి. బ్యాంకుకు నెల మొదటి వారంలో వెళ్లకండి.

మాట సూటిగా ఉంటే చాలు:

"అన్నా, నేను తొమ్మిది అయిపోయి పదిలోకి వచ్చాను, మన హైస్కూల్లోనే. ఈ పని ఎలా ఉంటుందో తెలుసుకోవాలని ఉంది. ఓ నాలుగు రోజులు పొద్దున రెండు గంటలు వచ్చి చూడొచ్చా? పనికి అడ్డం రాను. డబ్బులేమీ వద్దు. మా నాన్నతో ఒకసారి ఫోన్లో మాట్లాడతారా?"

ఆఖరి వాక్యం ముఖ్యం. ఇంట్లో తెలిసే వచ్చారని అవతలివాళ్లకు నమ్మకం కుదురుతుంది. ఆసుపత్రి, సబ్‌స్టేషన్, ప్రభుత్వ ఆఫీసు లాంటి చోట్లకు హెడ్మాస్టరు గారి దగ్గర చిన్న ఉత్తరం తీసుకుని వెళ్లండి. అందులో మీ పేరు, తరగతి, ఏ తేదీల్లో చూడాలనుకుంటున్నారో ఉంటే చాలు. హెడ్మాస్టరు గారు సందేహిస్తే ఒక మాట గుర్తు చేయండి. 2020 జాతీయ విద్యావిధానంలోనే ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారుల దగ్గర పని నేర్చుకోవాలని ఉంది. పన్నెండో తరగతి దాకా సెలవుల్లోనూ అలాంటి అవకాశాలు కల్పించవచ్చని కూడా అందులోనే ఉంది.

కోర్టుకు ఉత్తరం అక్కర్లేదు. చాలా కేసులు బహిరంగంగానే విచారిస్తారు. ఇంట్లో పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి, ఫోన్ ఆపేసి, వెనక బెంచీలో నిశ్శబ్దంగా కూర్చోవచ్చు. లా చదవాలనుకునేవాళ్లు రెండు పూటలు కూర్చుంటే వాదన కంటే వాయిదా ఎక్కువని అర్థమవుతుంది. ఆ వాయిదాల మధ్య కాగితాలు ఎంత ఓపికగా తయారు చేసుకోవాలో కూడా కనిపిస్తుంది.

ఎవరైనా కాదంటే "పర్లేదు సార్" అని నమస్కారం పెట్టి పక్క షాపుకు వెళ్లండి.

చట్టం, జాగ్రత్త

ఈ భాగం మీతో పాటు మీ అమ్మానాన్నలూ చదవాలి. బాల కార్మిక చట్టానికి 2016లో జరిగిన సవరణ ప్రకారం 14 ఏళ్లు నిండని పిల్లలను పనిలో పెట్టుకోకూడదు. బడి అయ్యాకో సెలవుల్లోనో ఇంటివాళ్ల సొంత వృత్తిలో ప్రమాదం లేని సాయం చేయడం లాంటి కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. 14 నుంచి 18 మధ్య వాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. కాబట్టి మీరు వెళ్లేది చూడటానికి, అడగటానికి, భద్రమైన చిన్న పని చేతితో చేసి చూడటానికి. జీతానికి కాదు. వెల్డింగ్ మెరుపును ఉత్త కళ్లతో చూడకండి. కరెంటు ఉన్న దేన్నీ ముట్టుకోకండి. మొదటి రోజు టీ తెమ్మంటే తెచ్చి పెట్టొచ్చు. రెండో రోజు నుంచి అదే పనైతే మర్యాదగా చెప్పి మానేయండి.

వీలైతే ఇద్దరు స్నేహితులు కలిసి వెళ్లండి. అమ్మాయిలైనా అబ్బాయిలైనా పగటి పూటే, నలుగురూ కనిపించే చోటే. ఎవరి ప్రవర్తనైనా ఇబ్బందిగా అనిపిస్తే ఆ నిమిషమే బయటికి వచ్చి ఇంట్లో చెప్పండి. తప్పు మీది కాదు. పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 1098, పగలూ రాత్రీ పనిచేస్తుంది. ఆసుపత్రిలో రోగుల ఫొటోలు తీయకండి, వాళ్ల పేర్లు నోట్‌బుక్‌లో రాయకండి.

ఇంకో హెచ్చరిక. డబ్బు కడితే ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఇస్తామని ఫోన్లో వచ్చే ప్రకటనలను పట్టించుకోకండి. ఈ వయసులో మీకు కావాల్సింది అనుభవం, కాగితం కాదు.

అక్కడ కూర్చుని ఏం చూడాలి, ఏం అడగాలి

"ఈ ఉద్యోగం బాగుంటుందా?" అని అడిగితే "ఆ, పర్లేదు" అన్న జవాబే వస్తుంది. దానివల్ల మీకేమీ తెలియదు. "నిన్న పొద్దున వచ్చిన దగ్గర్నుంచి ఏమేం చేశారు?" అని అడగండి. గంట గంటకూ చెప్పించుకోండి. ఈ ఒక్క ప్రశ్నతో సగం విషయం బయటపడుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న బాబాయినో పిన్నినో అడిగి చూడండి. రోజులో కోడ్ రాసేది ఎంతసేపు, మీటింగులు ఎంతసేపు, వేరేవాళ్లు రాసింది చదివి సరిచేసేది ఎంతసేపు అని. అమెరికాలో ఉన్నవాళ్లను కూడా వీడియో కాల్‌లో ఇదే అడగొచ్చు. జీతం, ఇల్లు, కారు గురించి ఇంట్లో ఎలాగూ వింటూనే ఉంటారు.

తర్వాత ఇవి అడగండి. ఈ పనిలో విసుగు పుట్టించేది ఏది? కొత్తగా చేరేవాళ్లకు ఇప్పుడు ఎంత ఇస్తున్నారు? చేయి తిరగడానికి ఎన్నాళ్లు పడుతుంది? ఒంటికి ఏం కష్టం, అంటే నడుమా, కళ్లా, నిద్రా? బడిలో చదివిన వాటిలో ఇక్కడ పనికొచ్చేది ఏది? పదేళ్లలో ఈ పని ఎలా మారింది? జీతం ప్రశ్న చివర్లో, పక్కన గిరాకీ వాళ్లు లేనప్పుడు అడగండి. "మీకెంత వస్తుంది" అనకుండా "కొత్తవాళ్లకి ఎంత ఉంటుంది" అంటే ఎవరూ నొచ్చుకోరు.

సాయంత్రం ఇంటికొచ్చాక పది నిమిషాలు రాయండి. ఏం చూశాను, నా చేతులతో ఏం చేశాను, ఏ పని చూస్తున్నప్పుడు సమయం తెలియలేదు, ఎప్పుడెప్పుడు గోడ గడియారం వైపు చూశాను. ఈ చివరి రెండూ దాచకుండా రాయండి. ల్యాబులో రక్తం చూడలేక బయటికొచ్చేశారా? అదీ రాయండి. మొదటి రోజు కళ్లు తిరిగినవాళ్లు నాలుగో రోజుకు అలవాటు పడటం మామూలే, కాబట్టి ఒక్క పూట చూసి తీర్పు చెప్పకండి. కనీసం మూడు నాలుగు పూటలు చూడండి.

చేతితో చేసి చూడటం

చూడటంతోనే సరిపోదు. ఎంచుకున్న రంగంలో ఒక చిన్న పని మొదటి నుంచి చివరి దాకా మీరే చేయాలి. దాన్ని పూర్తి చేసే క్రమంలోనే ఆ రంగం మీకు నప్పుతుందో లేదో తెలుస్తుంది.

వ్యవసాయం, రసాయన శాస్త్రం వైపు ఆసక్తి ఉంటే మట్టి నమూనా తీయండి. పొలంలో గట్లు, చెట్ల నీడ, పెంటకుప్పలు ఉన్న చోట్లు వదిలేసి, అడ్డదిడ్డంగా నడుస్తూ ఎనిమిది పది చోట్ల 15 సెంటీమీటర్ల లోతున వి ఆకారంలో గుంట తీయండి. గుంట పక్క గోడ నుంచి పైనుంచి కింది దాకా సమానంగా మట్టి గీయండి. అంతా ఒక శుభ్రమైన పట్టా మీద కలిపి, గుండ్రంగా పరిచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు తీసేయండి. మిగిలింది మళ్లీ కలిపి మళ్లీ అలాగే చేయండి. అర కిలో మిగిలేదాకా ఇదే పద్ధతి. ఎండలో కాకుండా నీడన ఆరబెట్టి, రైతు పేరు, సర్వే నంబరు, గత పంట రాసిన చీటీతో మండల వ్యవసాయాధికారికో దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రానికో ఇవ్వండి. ఫలితాల కాగితం వచ్చాక ఉదజని సూచిక (పీహెచ్), సేంద్రియ కర్బనం, భాస్వరం, పొటాష్ అంకెలు పట్టుకుని అధికారి దగ్గర కూర్చుని అర్థం చెప్పించుకోండి. బడిలో చదివిన ఆమ్లాలు, క్షారాలు మీ నాన్న పొలంలో కనిపిస్తాయి. ఆ కాగితం చూసి ఎరువు తగ్గించాలా పెంచాలా అని ఇంట్లో చర్చ మొదలైతే, మీరు చేసింది నిజమైన పనే.

సివిల్, ఆర్కిటెక్చర్ అనుకునేవాళ్లు టేపుతో మీ ఇల్లు కొలవండి. గోడల మందం, తలుపులు, కిటికీలు అన్నీ. ఒకటికి యాభై కొలతలో గీయండి. 3.6 మీటర్ల గోడ కాగితం మీద 7.2 సెంటీమీటర్లు వస్తుంది. అన్ని గదులూ కలిపాక బయటి కొలతతో సరిపోలకపోతే మళ్లీ కొలవండి. ఆ మళ్లీ కొలవడం మీకు నచ్చిందా, చిరాకు పుట్టించిందా? నోట్‌బుక్‌లో రాయాల్సింది అదే.

ఎలక్ట్రానిక్స్ వైపు మొగ్గితే మామూలు డిజిటల్ మల్టీమీటరు ఒకటి కొనుక్కోండి లేదా అరువు తెచ్చుకోండి. టార్చి బ్యాటరీల వోల్టేజీ, పాత ఛార్జరు వైరు ఎక్కడ తెగిందో కంటిన్యుటీ పరీక్షతో (వైరు మధ్యలో తెగకుండా ఉందో లేదో మీటరుతో చూసే పరీక్ష) కనుక్కోవడం దగ్గర మొదలుపెట్టండి. ఛార్జరును ప్లగ్ నుంచి పూర్తిగా తీసేశాకే. జర్నలిజం, రచన ఇష్టమైతే మీ ఊళ్లో ఒక నేతకారుడినో పాత పోస్ట్‌మ్యాన్‌నో కలిసి, గంటసేపు మాట్లాడి, రెండు పేజీల్లో రాసి, వాళ్లకే చదివి వినిపించండి. లెక్కలు ఇష్టమైతే రెండు వారాలు రోజూ ఒకే వేళకు కరెంటు మీటరు రీడింగు రాసి గ్రాఫు గీయండి. ఇస్త్రీ చేసిన రోజు, కూలర్ వేసిన రోజు దానిలో విడిగా కనబడతాయి.

బడి ద్వారా, ప్రభుత్వం ద్వారా దొరికేవి

ముందు మీ బడిలోనో పక్క బడిలోనో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉందేమో కనుక్కోండి. నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన పథకం ఇది. ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసం త్రీడీ ప్రింటర్లు, సెన్సర్లు, మైక్రోకంట్రోలర్ బోర్డులు ఇస్తారు. కొన్ని బడుల్లో ఆ గదికి తాళం వేసి ఉంటుంది. సైన్సు టీచరును అడగండి, ఒకరిద్దరు కాకుండా పదిమంది కలిసి అడగండి. తాళం తీస్తారు. కొన్ని ప్రభుత్వ హైస్కూళ్లలో తొమ్మిది, పదుల్లో వృత్తి విద్య ట్రేడ్లు కూడా ఉన్నాయి. అలాంటి బడి అయితే ఆ అవకాశాన్ని తేలిగ్గా తీసుకోకండి.

ఇన్‌స్పైర్ మానక్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం గురించి టీచర్లను అడగండి. రోజువారీ సమస్యకు మీ సొంత ఆలోచన బడి ద్వారా పంపాలి. ఎంపికైతే నమూనా తయారీకి 10,000 రూపాయలు విద్యార్థి ఖాతాలో పడతాయి. ఇంటర్నెట్‌లో చూసిన మోడల్‌ను దించడం కంటే, మీ అమ్మ రోజూ పడే ఒక ఇబ్బందిని పట్టుకోండి.

తొమ్మిదో తరగతి వాళ్లకు ఇస్రో 2019 నుంచి యువిక అనే రెండు వారాల శిక్షణ ఇస్తోంది. శ్రీహరికోట, హైదరాబాద్ సహా తన కేంద్రాల్లో పిల్లలను ఉంచుకుని శాస్త్రవేత్తలతో మాట్లాడిస్తుంది. ప్రయాణం, వసతి ఖర్చులు ఇస్రోవే. ఎంపికలో ఎనిమిదో తరగతి మార్కులు ముఖ్యం, పల్లెటూరి బడుల పిల్లలకు అదనపు వెయిటేజీ ఉంటుంది. దరఖాస్తు వేసవికి ముందే ఉంటుంది కాబట్టి సంక్రాంతి దాటినప్పటి నుంచి ఇస్రో వెబ్‌సైట్ చూస్తూ ఉండండి. ఎంపిక కాకపోయినా శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం చూడటానికి గ్యాలరీ ఉంది, ఆన్‌లైన్లో పేరు నమోదు చేసుకోవాలి. అక్టోబరు 4 నుంచి 10 వరకు జరిగే ప్రపంచ అంతరిక్ష వారోత్సవాల్లో కూడా షార్ (శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం) తరఫున పిల్లలకు కార్యక్రమాలు ఉంటాయి.

హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్లు సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్జీఆర్ఐ లాంటి సీఎస్ఐఆర్ (కేంద్ర శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి) పరిశోధనశాలలు విద్యార్థుల కోసం తలుపులు తెరిచే రోజుల కోసం చూడండి. ఫిబ్రవరి 28 జాతీయ సైన్సు దినం, సెప్టెంబరు 26 సీఎస్ఐఆర్ స్థాపక దినం, ఈ రెండింటి దగ్గర్లో సాధారణంగా ఉంటాయి. చిత్తూరు జిల్లా వాళ్లకు కుప్పం దగ్గర గుడుపల్లెలో అగస్త్య ఫౌండేషన్ వారి ప్రాంగణం ఉంది. సైన్సును చేతితో చేయించి చూపడమే అక్కడి పద్ధతి. బడి తరఫున వెళ్లడం మేలు.

చూసి వచ్చాక

మూడు పనులు చూశాక నోట్‌బుక్ మళ్లీ మొదటి పేజీ నుంచి చదవండి. ఒక పని "నాది కాదు" అని తేలినా ఆ నాలుగు రోజులు వృథా కాలేదు. ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో తెలుసుకోవాల్సింది తొమ్మిదో తరగతిలోనే తెలిసింది. మీకు నేర్పినవాళ్ల దగ్గరికి ఒకసారి వెళ్లి, ఏం నేర్చుకున్నారో చెప్పి రండి. రేపు సందేహం వస్తే అడగడానికి ఒక మనిషి ఉంటారు.

ఆ తర్వాతే దారుల సంగతి. ఎంపీసీ, బైపీసీ, సీఈసీ మాత్రమే కాదు. పాలిసెట్ (పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష) రాసి మూడేళ్ల డిప్లొమా చేయొచ్చు, తర్వాత డిప్లొమా వాళ్లు రాసే ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. చేతిపనిలో ఆసక్తి ఉన్నవాళ్లకు ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్లు. కొన్ని ట్రేడ్లకు ఎనిమిది పాసైనా చాలు. పది మార్కులతో ట్రిపుల్ ఐటీల్లో ఆరేళ్ల చదువు ఉంది, ఆంధ్రాలో నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం, తెలంగాణలో బాసర. మెషీన్ల మీద మనసు పడితే హైదరాబాద్ బాలానగర్‌లోని సీఐటీడీలో (కేంద్ర టూల్ డిజైన్ సంస్థ) పది తర్వాత నాలుగేళ్ల టూల్, డై, మౌల్డ్ మేకింగ్ డిప్లొమా చూడండి. మగ్గం, అద్దకం నచ్చితే వెంకటగిరిలో చేనేత టెక్నాలజీ డిప్లొమా మూడేళ్లు. రొయ్యల చెరువు గట్టున గడిపిన రోజులు నచ్చినవాళ్లకు ఫిషరీస్ పాలిటెక్నిక్, పొలం నచ్చినవాళ్లకు వ్యవసాయ పాలిటెక్నిక్ ఉన్నాయి. ల్యాబ్ టెక్నీషియన్ కావాలంటే ఇంటర్ ఒకేషనల్‌లో ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్) కోర్సు ఉంది. ఒకేషనల్ చదివితే పై చదువులకు దారి మూసుకుపోతుందనే మాట నిజం కాదు, బ్రిడ్జి కోర్సు (ఒకేషనల్‌లో లేని సబ్జెక్టుల అదనపు పరీక్షలు) రాస్తే డిగ్రీ వైపు వెళ్లొచ్చు.

ఇంట్లో మాట్లాడేటప్పుడు "నాకు ఇది ఇష్టం" దగ్గరే ఆగకండి. నోట్‌బుక్ ముందు పెట్టండి. ఎవరి దగ్గర చూశారు, కొత్తవాళ్లకు ఎంత ఇస్తున్నారు, ఏ కోర్సు, ఎన్నేళ్లు, ఫీజు ఎంత, అది కుదరకపోతే రెండో దారి ఏమిటి. నాన్న ఒప్పుకోకపోతే ఆయన్ను ఒకసారి ఆ షాపుకో ల్యాబుకో తీసుకెళ్లి ఆ మనిషితో మాట్లాడించండి. పెద్దవాళ్ల భయాలకు పెద్దవాళ్లే బాగా జవాబు చెప్పగలరు.

పది పరీక్షలు అయిపోయిన వారంలోనే ఇంకో పని పెట్టుకోండి. నాలుగు నుంచి పది దాకా చదివిన స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ బడి రికార్డుతో సరిపోతున్నాయా అనేవి చూసుకోండి. పాలిసెట్ కౌన్సెలింగ్‌లో ఇవన్నీ అడుగుతారు. బడులు మళ్లీ జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు, అప్పటిదాకా స్టడీ సర్టిఫికెట్ కోసం హెడ్మాస్టరు గారు దొరకడం కష్టం. మీరు నాలుగో తరగతి వేరే ఊళ్లో చదివి ఉంటే ఆ బడికి ముందే వెళ్లి తెచ్చుకోండి.